అన్నయ్య కాలి చిటికెనవేలు

మా అన్నయ్య కారు మా అన్నయ్య మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఈ సంగతి కారు చెప్పలేదు, అన్నయ్యే చెప్పాడు. పెళ్ళికి ముందు చెప్పాడు, పెళ్ళయ్యాక చెప్పాడు, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీ కప్పు చేతికి అందకముందే చెప్పాడు.

కొన్ననాటికే అది పాత కారు. ఇప్పుడు దాని అసలు రంగేమిటో తెలియాలంటే తలుపు తెరిచి లోపలి అంచు చూడాలి. ఇంట్లో అందరం దాన్ని పెద్దమ్మ అంటాం. "పెద్దమ్మ లేచిందా?" అంటే స్టార్టయిందా అని, "పెద్దమ్మ అలిగింది" అంటే నడిచి వెళ్ళమని అర్థం. తాళం ఎప్పుడూ అన్నయ్య జేబులోనే ఉంటుంది. పెద్దమ్మని అన్నయ్య తప్ప ఇంకెవరూ స్టార్ట్ చెయ్యకూడదన్నది మా ఇంటి చట్టం. చేతులు మారితే ఇంజన్ పాడవుతుందని తన సిద్ధాంతం. తను కళ్ళద్దాల షాపు నడుపుతాడు కాబట్టి ఇంజన్ల గురించి ఏ సిద్ధాంతమైనా చెయ్యగలడు.

మా వదిన డ్రైవింగ్ నేర్చుకుంటానన్నప్పుడు మాత్రం ఆ చట్టానికి ఒక సవరణ జరిగింది. అన్నయ్య పక్క సీట్లో ఉండి నేర్పేటప్పుడూ, పరీక్షలోనూ మాత్రం ఆవిడ స్టార్ట్ చెయ్యవచ్చు.

వదిన బట్టలు కుడుతుంది. ఇంటి ముందు గదే ఆవిడ దుకాణం. అందులో ఒక కాలిమిషను, ఇస్త్రీ బల్ల, గోడకు మేకు మీద ఒక పెద్ద కత్తెర ఉంటాయి. ఆ కత్తెర గుడ్డ తప్ప ఇంకేమీ కత్తిరించకూడదు. ఒకసారి అన్నయ్య దానితో కాగితం కత్తిరించి, వదిన తనతో మళ్ళీ మాట్లాడేదాకా గోడలతో మాట్లాడుకున్నాడు. కాబట్టి మా ఇంట్లో చట్టాలు చేసేది అన్నయ్య ఒక్కడే అనుకోకండి.

ఊళ్ళో వాళ్ళ జాకెట్లూ స్కూలు యూనిఫారాలూ కుడుతూనే వదిన చాలా కాలంగా ఒక కోరిక పెట్టుకుంది. నాటకాలకి బట్టలు కుట్టాలి. రాజులకి అంగీలు, మంత్రగత్తెలకి పొడుగు చేతులు, సైనికులకి చిరిగినా కొత్తగా కనపడే చొక్కాలు. ఈ మధ్యనే ఆ అదృష్టం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఊరి అవతలి కొసన ఉన్న నాటకశాల మేనేజరమ్మ వదిన పని చూసి ముచ్చటపడింది. కానీ ఆవిడ ఖరాఖండీ మనిషి.

"మా దగ్గర రిహార్సల్ మధ్యలో చొక్కా చిరుగుతుంది, ఫోన్ చేస్తే పెట్టె వేసుకుని వెంటనే రావాలి. మా వారికి ఖాళీ దొరికాక వస్తానంటే కుదరదమ్మా. కారు మీకు మీరే నడుపుకుంటూ రండి. శుక్రవారం సాయంత్రంలోగా నమూనా బట్టలతో వస్తే ఈ ఏడాది నాటకాలన్నీ మీవే. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను" అంది.

వదిన అప్పటికే లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒకే చోట, ఒకే రకంగా. పరీక్ష మైదానంలో చిన్న ఎత్తు ఉంటుంది. దాని మీద తెల్ల గీత దగ్గర బండి ఆపి, మళ్ళీ వెనక్కి జారకుండా కదలాలి. వదిన ఆపింది. పెద్దమ్మ గడగడ వణికింది, దగ్గింది, చచ్చిపోయింది. ఇన్‌స్పెక్టరు కిందికి దిగి అట్ట మీద ఏదో గీసుకుని వెళ్ళిపోయాడు. మూడో పరీక్ష సరిగ్గా ఆ శుక్రవారం పొద్దున్నే పడింది.

"నాకు ఆగదే! ఇన్నేళ్ళలో సిగ్నల్ దగ్గర ఇంజన్ ఒక్కసారి కూడా ఆగలేదు. నీ కాలు బరువు. క్లచ్చు మీద పడేస్తున్నావు" అన్నాడు అన్నయ్య.

నేను స్కూల్లో వ్యాయామం టీచర్ని. మెళ్ళో ఈల ఉంటుంది, ముక్కు మీద కోపం ఉంటుంది. రెండూ ఉద్యోగానికి అవసరమే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కాలు బరువా? మిషను మీద కాలు పెట్టి, సూది ఎక్కడ ఆగమంటే అక్కడ, ఒక్క కుట్టు ముందుకీ వెనక్కీ లేకుండా ఆపే మనిషి కాలు బరువా?" అన్నాను.

"మిషను వేరు, ఇంజన్ వేరు" అన్నాడు అన్నయ్య, చాలా లోతైన మాట చెప్పినవాడిలా.

వదిన పోట్లాడి ఉంటే నాకు సంతోషంగా ఉండేది. పోట్లాడలేదు. కుడుతున్న అంగీ అంచు సవరిస్తూ, "ఈసారి కూడా ఆగిపోతే ఇంక నేను ఆ సీట్లో కూర్చోనండి. నా వల్ల కాదేమో. మేనేజరమ్మకి ఆ మాటే చెప్పేస్తాను" అంది. ఆ గొంతులో కోపం లేదు. అది విని నాకు నిజంగా భయం వేసింది, ఎందుకంటే మా వదిన కోపం లేకుండా అన్న మాట వెనక్కి తీసుకోదు.

సోమవారం నేనే అన్నయ్యని పోరుపెట్టి పెద్దమ్మని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళేలా చేశాను. ఆయన్ని ఊరంతా ప్లగ్గుల మేస్త్రి అంటారు. బండికి ఏం వచ్చినా ముందు స్పార్కు ప్లగ్గులు మారుస్తాడు. బ్రేకులు పడకపోయినా ముందు ప్లగ్గులే చూస్తాడని మా స్కూలు డ్రైవరు అంటాడు. రేకుల షెడ్డు, నూనె మరకల నేల, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఏదో చచ్చిపోయిన కారులోంచి పీకిన వెనక సీటు. అందులో నేనూ వదినా కూర్చుంటే స్ప్రింగులు మా ఇద్దరినీ చెరో పక్కకి తోశాయి.

"ఏం సార్, పెద్దమ్మగారికి ఏమైంది?" అన్నాడు మేస్త్రి.

"నేను ఎక్కితే ఏమీ కాదు. మా ఆవిడ ఎక్కితే, బండి నిలబెట్టి ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు వణికి ఆగిపోతోంది."

"స్టార్ట్ చెయ్యండి, చూద్దాం."

చట్టం ప్రకారం అన్నయ్యే ఎక్కి కూర్చున్నాడు. పెద్దమ్మ లేచింది. మేస్త్రి బానెట్ ఎత్తి, తల లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంజన్ ఒద్దికగా, ఒకే శ్రుతిలో మోగుతోంది.

"బంగారం! దీనికి వణుకేమిటి సార్? సరే, వచ్చారు కాబట్టి ప్లగ్గులు మార్చేస్తాను. రోజుకి ఒక సెట్టయినా మార్చకపోతే నాకు ముద్ద దిగదు" అన్నాడు.

మార్చాడు. ఇంటికి వచ్చాక వీధిలోనే వదిన ఎక్కి స్టార్ట్ చేసింది. పెద్దమ్మ తల నుంచి తోక దాకా వణికింది. అద్దం ఊగింది, డాష్‌బోర్డు పళ్ళు కొరికింది, ఇంజన్ ఆగిపోయింది. వెంటనే అన్నయ్య ఆ సీట్లోకి మారాడు. సుఖంగా నడిచింది.

"చూశారా?" అన్నాడు. చూశాం మరి.

మంగళవారం మళ్ళీ వెళ్ళాం. మేస్త్రి ఈసారి కార్బురేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. అన్నయ్య సీట్లో మహారాజులా కూర్చుని ఆయన చెయ్యి ఊపినప్పుడల్లా స్టార్ట్ చేశాడు. పెద్దమ్మకి ఏ జబ్బూ లేదని తేలింది. చివరికి మేస్త్రి వదిన వైపు తిరిగి, కాస్త మొహమాటంగా, "అమ్మా, కొంచెం కాలు చూసుకోవాలేమో" అన్నాడు.

వదిన తల ఊపింది. ఆ రాత్రి మిషను మోగలేదు. రాజుగారి అంగీకి ఒక చెయ్యి వేలాడుతూనే ఉంది.

బుధవారం పొద్దున రోజూలాగే అన్నయ్య నన్ను స్కూల్ దగ్గర దింపడానికి బయల్దేరాడు. షాపుకి వెళ్ళే దారిలోనే మా స్కూలు. నేను మాట్లాడటం లేదు. అన్నయ్య మాత్రం హుషారుగా ఈల వేసుకుంటున్నాడు. నాకు ఆ ఈల నచ్చక నా మెళ్ళో ఈలని వేలికి చుట్టి తిప్పుతున్నాను. ఎర్ర లైటు దగ్గర బండి ఆగింది. తాడు తెగి ఈల కిందపడి అన్నయ్య సీటు వైపు దొర్లింది. తీద్దామని వంగాను.

నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. పరుగుపందెంలో పిల్లలు గీత మీద నిలబడతారు. ఈల వెయ్యకముందే ఎవరి కాలు గీత దాటిందో చూడాలి. ఆ పని చేసి చేసి నాకు మనుషుల మొహాలకన్నా ముందు కాళ్ళే కనపడతాయి. వంగినప్పుడు కనపడింది మా అన్నయ్య కుడికాలు. పాదం లోపలి సగం బ్రేకు మీద ఉంది. బయటి సగం పక్కకి వాలి యాక్సిలరేటర్ మీద ఉంది. అక్కడ చెప్పు అంచున ఉన్న చిటికెనవేలు, పసిపిల్లని జోకొట్టినట్టు, పెడల్ని మెత్తగా నొక్కుతోంది.

"అన్నయ్యా, యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యి" అన్నాను, కిందనుంచే.

"వేస్తే కదా తీయడానికి!"

"కిందికి చూడు."

చూశాడు. తన కాలిని ఎప్పుడూ చూడనివాడిలా చూశాడు. నెమ్మదిగా వేలు లేపాడు. అంతే! పెద్దమ్మ ఒళ్ళంతా వణికింది, అద్దం ఊగింది, డాష్‌బోర్డు పళ్ళు కొరికింది, దగ్గి ఆగిపోయింది. పచ్చ లైటు పడింది. వెనక ఉన్న బళ్ళన్నీ ఒక్కసారిగా హారన్లు మొదలుపెట్టాయి. అన్నయ్య కంగారుగా స్టార్ట్ చేశాడు. చిటికెనవేలు తనంతట తనే వెళ్ళి తన చోట కూర్చుంది. పెద్దమ్మ ఒద్దికగా మోగింది.

సిగ్నల్ దాటాక పక్కకి తీసి ఆపాడు. నేను తన కుడి చెప్పు లాక్కుని తిరగేసి చూశాను. అడుగు మొత్తం బాగానే ఉంది. చిటికెనవేలి పక్కన మాత్రం అరిగి కాగితంలా అయింది.

"ఎప్పటినుంచి చేస్తున్నావు ఈ పని?"

"నాకేం తెలుసు? నా వేలు నాతో చెప్పి చేస్తుందా?"

అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. జబ్బు పెద్దమ్మకి ఎప్పుడో వచ్చింది. మొదట్లో కొంచెమే వణికి ఉంటుంది, అన్నయ్య వేలు కొంచెమే నొక్కి ఉంటుంది. వణుకు పెరిగినకొద్దీ వేలు కూడా మోతాదు పెంచుకుంటూ పోయింది. మేస్త్రి ఇంజన్ విన్న ప్రతిసారీ సీట్లో ఉన్నది అన్నయ్యే, ఎందుకంటే పెద్దమ్మని ఇంకెవరూ స్టార్ట్ చెయ్యకూడదు కదా! ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ పరీక్ష చేసే మనిషి తన కాలు మాత్రం చూసుకోలేదు. నాకు నవ్వు ఆగలేదు. చాలాసేపు నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ, "రెండుసార్లు మీ వదినని అన్నాను కాలు బరువని" అన్నాడు. ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది.

గురువారం సాయంత్రం అన్నయ్య షాపు పెందలాడే మూసి వచ్చాడు. బుధవారం రోజంతా మేస్త్రి కోసం తిరిగాడు. మేస్త్రి షెడ్డుకి తాళం వేసి అల్లుడి ఇంటికి వెళ్ళాడు, శనివారం దాకా రాడు. పరీక్ష తెల్లారితే ఉంది.

మేస్త్రి దొరికాక చెబుదామని ఆగిన సంగతంతా వదినకి చెప్పి, అన్నయ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని బానెట్ ఎత్తాడు. స్లో పెంచే మర ఎక్కడుంటుందో తనకి తెలుసు. రెండు తిప్పులు తిప్పాడు. పెద్దమ్మ ఆగడం మానేసింది కానీ, ఎవరో వెనక తరుముతున్నట్టు గోల పెట్టింది. వదిన గేరు వెయ్యగానే ముందుకి ఉరికింది.

"ఇది నయం చెయ్యడం కాదండీ, మూతికి గుడ్డ కట్టడం. ఎత్తు మీద ఇలా దూకితే ఇన్‌స్పెక్టరు గారు అద్దంలోంచి బయటికి వెళ్తారు" అంది వదిన.

నేను మేస్త్రికి ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టాను. వెనక పిల్లల గోల. చిటికెనవేలి కథ చెప్పాను. వింటూనే ఆయన అరిచాడు.

"నాకెలా తెలుస్తుందమ్మా మరి! డాక్టరు థర్మామీటర్ పెడుతుంటే పేషెంటు నోట్లో ఐసుముక్క దాచుకున్నట్టుంది! వేలు తీస్తే వణుకుతోందా? రేసు ఇస్తే బాగుందా? అయితే ఎక్కడో దొంగగాలి లాగుతోంది. ఇంజన్ గాలీ పెట్రోలూ కొలిచి కలుపుకుని తాగుతుంది. రబ్బరు పైపేదో చిట్లి ఉంటుంది, అక్కడ లెక్కలో లేని గాలి దూరుతోంది. రేసులో ఉన్నప్పుడు ఆ కాస్త గాలి తెలీదు. స్లోలోనే కాళ్ళు తడబడతాయి."

"ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?"

"నీళ్ళు చల్లండి. సన్నగా, ఒక్కొక్క పైపు మీదా. నీళ్ళు చిట్లినచోట పడితే కాసేపు బెజ్జం మూసుకుంటుంది, చప్పుడు మారుతుంది. ప్లగ్గుల వైర్ల మీద చల్లకండి, ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకండి. ఆఁ, ఇంకో మాట. సార్ని సీట్లో కూర్చోనివ్వకండి!"

కానీ ఎవరో ఒకరు సీట్లో ఉండాలి. నీళ్ళు చల్లేది వదిన, దీపం పట్టుకునేది నేను. కాబట్టి నేను షరతు పెట్టాను. "కాళ్ళు పైకి ఎత్తి, బాసింపట్టు వేసుకుని కూర్చో. ఏ వేలూ కిందికి దిగకూడదు" అన్నాను.

మా అన్నయ్య అంత లావు మనిషి డ్రైవరు సీట్లో బాసింపట్టు వేసుకుని, పొట్టకీ స్టీరింగుకీ మధ్య మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాడు. స్లో మర మళ్ళీ పాత చోటికి తిప్పించాం. చేత్తో తాళం తిప్పాడు. పెద్దమ్మ లేచి వణకడం మొదలుపెట్టింది. ఆగిపోయేలోగా వెతకాలి. ఆగిపోతే మళ్ళీ స్టార్ట్, మళ్ళీ వెతకడం. ఎదురింటి ముసలాయన కుర్చీ బయట వేసుకుని మరీ చూశాడు.

వదిన ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసా తెచ్చింది. దాని మూతి ఎలా తిప్పితే పొగమంచులా పడుతుందో, ఎలా తిప్పితే దారంలా పడుతుందో ఆవిడకి చేతి అలవాటు. కార్బురేటర్ కింద చల్లింది. ఏమీ లేదు. ఇటు పక్క సన్న పైపు మీద చల్లింది. ఏమీ లేదు. పెద్దమ్మ ఆగిపోయింది. మళ్ళీ లేచింది. వదిన సీసా పక్కన పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, ఇంజన్ వైపు చెవి వంచింది.

"అమ్మాయ్, ఈల నువ్వు వేస్తున్నావా?"

"నా ఈల జేబులో ఉంది వదినా!"

"అయితే ఇది పెద్దమ్మదే. సన్నగా, దారం లాగినట్టు వస్తోంది విను."

నాకు ఇంజన్ గోల తప్ప ఏమీ వినపడలేదు. మిషనులో దారం ఎక్కడో తట్టుకుంటే కుట్టు తప్పకముందే చెవితో పట్టుకునే మనిషి ఆవిడ. చెవి ఎటు లాగితే అటు చెయ్యి పోనిచ్చింది. వెనకగా, కిందికి వంగి ఉన్న ఒక రబ్బరు పైపు, ఇంజన్ మీది గొట్టానికి తొడిగి ఉంది. పైనుంచి చూస్తే నున్నగా ఉంది. వదిన సీసా దాని అడుగుకి పెట్టి ఒక్కసారి నొక్కింది.

వణుకు ఆగింది! నీళ్ళని ఎవరో గటగటా తాగినట్టు చప్పుడయింది, పెద్దమ్మ ఒక్క క్షణం హాయిగా ఊపిరి పీల్చుకుంది. తరవాత మళ్ళీ వణికింది. వదిన మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆగింది.

"దొరికింది! దొరికిందండీ!" అని వదిన చిన్నపిల్లలా గెంతింది. అన్నయ్య లేవబోయి, కాళ్ళు తిమ్మిరెక్కి స్టీరింగుకి ఇరుక్కుని హారన్ నొక్కాడు. ఎదురింటి ముసలాయన చప్పట్లు కొట్టాడు.

ఇంజన్ ఆపి, చల్లబడనిచ్చి, పైపు ఊడదీశాం. కొస ఎండి, అడుగువైపు వేలెడు పొడుగున చిట్లి ఉంది. పైపు మిగతాదంతా మెత్తగానే ఉంది, పొడుగు కూడా కావలసినదానికన్నా ఎక్కువే. చిట్లినంత మేర కోసేసి మిగతాది తొడిగితే చాలు. అన్నయ్య వంటగదిలోంచి కత్తి తెచ్చాడు. రబ్బరు నలిగింది తప్ప తెగలేదు. బ్లేడు తెచ్చాడు. అంచు వంకర పోయింది.

"వంకర అంచయితే మళ్ళీ గాలి లాగుతుంది" అంది వదిన. కాసేపు ఆ పైపు వైపే చూసింది. లోపలికి వెళ్ళింది. మేకు మీంచి పెద్ద కత్తెర తీసుకుని బయటికి వచ్చింది.

నేనూ అన్నయ్యా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"దాంతోనా? వద్దు! పదును పోతుంది. నేను ఎక్కడినుంచైనా ఇంకో కత్తెర తెస్తాను" అన్నాడు అన్నయ్య.

"పోతే పట్టిద్దాం. నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదండీ. నా కాలే మంచిది కాదని నేను కూడా నమ్మేశాను" అంది వదిన. కత్తెర ఒక్కసారే పడింది. కొస టక్కున ఊడి అన్నయ్య కాళ్ళ దగ్గర పడింది. అంచు గీత గీసినట్టు వచ్చింది. వదిన పైపు తొడిగి గట్టిగా అదిమింది. అన్నయ్య మాత్రం పక్కన నిలబడి, "నీ కాలు మంచిదే. నాదే దొంగది" అన్నాడు. ఇంజన్ మీద వంగి ఉన్న వదిన వినలేదనుకున్నాను. విన్నది, చెవులు ఎర్రబడ్డాయి.

అన్నయ్య మళ్ళీ బాసింపట్టు వేశాడు. పెద్దమ్మ లేచింది. ఎంత మెత్తగా మోగిందంటే, నేనూ వదినా దగ్గరికి జరిగి విన్నాం. ఆ రాత్రి మిషను కూడా మోగింది, రాజుగారి అంగీకి వేలాడుతున్న చెయ్యి అతికింది.

శుక్రవారం పొద్దున మైదానం కంచె దగ్గర నేనూ అన్నయ్యా నిలబడ్డాం. కంచె దాటి లోపలికి రావద్దని కాపలామనిషి అన్నయ్యకి రెండుసార్లు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు అట్ట పట్టుకుని పెద్దమ్మ పక్క సీట్లో కూర్చున్నాడు. ఎనిమిది అంకె ఆకారంలో వదిన చక్కగా తిప్పింది. వెనక్కి నడిపింది. తరవాత ఎత్తు ఎక్కి, తెల్ల గీత దగ్గర ఆగింది.

ఆగింది కానీ ఏ చప్పుడూ లేదు. గడగడ లేదు, దగ్గు లేదు. అద్దం కూడా ఊగలేదు.

"ఆగిపోయింది! అయిపోయింది! మళ్ళీ ఆగిపోయింది!" అని అన్నయ్య కంచె పట్టుకున్నాడు.

నేనూ అలాగే అనుకున్నాను. కారు కిటికీలోంచి వదిన మొహం కనపడుతోంది. ఆవిడ కూడా అదే అనుకుంది. చెయ్యి తాళం వైపు వెళ్ళింది. నడుస్తున్న ఇంజన్‌కి తాళం తిప్పితే కీచుమని అరుస్తుంది, ఆ అరుపుతో పరీక్ష పోయినట్టే. వదిన చెయ్యి దారిలోనే ఆగింది. తల కొంచెం పక్కకి వంచింది, ఆ గురువారం సాయంత్రం వంచినట్టే. విన్నది. చెయ్యి మళ్ళీ స్టీరింగు మీదికి వచ్చింది. ఎడమకాలు ఎంత నెమ్మదిగా లేచిందో నేను చూడలేదు గానీ, పెద్దమ్మ ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా ఎత్తు ఎక్కేసి అవతలికి దిగింది.

నేను ఈల తీసి ఒళ్ళు మరిచిపోయి ఊదాను. కాపలామనిషి నా మీదికి వచ్చాడు. అన్నయ్య కదలలేదు. కిందికి చూశాను. తన కుడికాలు మట్టిలో పక్కకి వాలి ఉంది. చిటికెనవేలి కింద ఒక చిన్న గుంట పడింది.

ఇన్‌స్పెక్టరు దిగి, "మీ బండి అసలు చప్పుడే చెయ్యదమ్మా. నేనే ఆగిపోయిందనుకున్నాను. పాసయ్యారు" అన్నాడు.

వదిన ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. "పదండి, ఇంటికెళ్ళి పెట్టె సర్దుకుంటాను. సాయంత్రంలోగా అవతలి కొసకి వెళ్ళాలి. అంగీకి గుండీలు ఒకటి రెండు గట్టిగా కుట్టాలి" అంది, ఊపిరి తిరగకుండా.

"ఇంటికెందుకు?" అన్నాడు అన్నయ్య. వెనక్కి వెళ్ళి డిక్కీ ఎత్తాడు. నమూనా బట్టల పెట్టె అక్కడే ఉంది. పైన రాజుగారి అంగీ మడత నలక్కుండా పాత దుప్పటి కప్పి, ఒక పక్కన సూదీ దారం డబ్బా, ఇంకో పక్కన పెద్ద కత్తెర. కత్తెర కొత్తగా పదును పట్టించినట్టు మెరుస్తోంది. తెల్లవారకముందే వెళ్ళి సానపట్టేవాణ్ణి నిద్ర లేపి ఉంటాడు.

వదిన చాలాసేపు దాన్నే చూసింది. "నేను తప్పితే ఏం చేసేవారు?"

"పెట్టె నీకు తెలియకుండా దింపేసేవాణ్ణి" అన్నాడు అన్నయ్య. అలవాటుగా తాళం కోసం జేబు తడుముకున్నాడు. అక్కడ లేదు. తాళం వదిన చేతిలో ఉంది.

తను వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. నేను పెట్టెని వెనక సీట్లోకి మార్చుకుని ఊగకుండా పట్టుకున్నాను. మొదటి ఎర్ర లైటు దగ్గర వదిన బండి ఆపింది. పెద్దమ్మ ఒద్దికగా మోగుతోంది. అన్నయ్య ముందుకి వంగి, చెవి పెట్టి, "ఆన్‌లోనే ఉందా?" అని అడిగాడు.

"ఉందండీ" అంది వదిన. అన్నయ్య కాళ్ళ వైపు ఒక్క చూపు చూసింది. "కాలు తియ్యండి."

అన్నయ్య రెండు కాళ్ళూ పైకి లాక్కుని, సీట్లో బాసింపట్టు వేసుకున్నాడు. అలాగే నాటకశాల దాకా కూర్చున్నాడు.